తెల్లవారితే శనివారం

"మల్లొక్కపారి సదువు. గట్టిగ సదువు" అన్నాడు రాజారాం.

గోదావరి చదవలేదు. పొద్దున్నుంచి ఆ రెండు పెండ్లి కార్డులను ఆ ఇంట్లో చదవనివాళ్లు లేరు. చదివి బాగుపడ్డవాళ్లూ లేరు. మంచం మీద పక్కపక్కనే, నాలుగు మూలలా పసుపు పూసుకుని, ఏమీ ఎరగనట్టు పడి ఉన్నాయి అవి.

"చదివితే మారుతదా మామా?"

"మారది. నా చెవులు ఇంక నమ్ముత లేవు, అందుకే సదువుమంటున్న."

భార్య నోరు విప్పేలా లేదని దేవిదాస్ కార్డులు అందుకున్నాడు. నందిపేట నుంచి వచ్చింది ముందు చదివాడు. "మే పదిహేను, శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం, మూడు గంటలకు మీన లగ్నమందు." తరువాత మోస్రా నుంచి వచ్చింది. "మే పదహారు, శనివారం తెల్లవారుజామున మూడు గంటలకు మీన లగ్నమందు." వేదిక రెండింటి కిందా ఒక్కటే. రాజారాం ఫంక్షన్ హాల్, బోధన్.

రాత్రి ఒకటే, లగ్నం ఒకటే, హాలు ఒకటే. పెండ్లికూతుళ్లు మాత్రం ఇద్దరు.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు, అదే చిత్రం. నందిపేట పంతులు పంచాంగం మనిషి. ఆయన లెక్కలో సూర్యుడు పొడిచేదాకా శుక్రవారం శుక్రవారమే. మోస్రా వాళ్లు కిరాణా దుకాణంలో వేలాడే క్యాలెండరు మనుషులు. వాళ్లకు అర్ధరాత్రి దాటితే తేదీ మారిపోతుంది. నందిపేట వాళ్ల మాట విని అత్త శంకరమ్మ కంప్యూటర్లో పదిహేను కొట్టింది. మోస్రా వాళ్ల మాట విని కోడలు గోదావరి పదహారు కొట్టింది. రెండు వేరు వేరు తేదీలు కనబడేసరికి ఆ యంత్రం ఇద్దరికీ సంతోషంగా హాలు రాసిచ్చేసింది. దానికేం పోయింది, గడపలో నిలబడి జవాబు చెప్పేది అది కాదు గదా.

"గోడ మీది పంచాంగంల పసుపు బొట్టు పెట్టి హాలు రాసుకున్నన్ని దినాలు మంచిగనే నడిచింది" అన్నాడు రాజారాం, ఎవరి ముఖమూ చూడకుండా. "ఇరువై ఏండ్లు. ఒక్కనాడు గిట్ల కాలె."

"కంప్యూటర్ కావాలన్నది మీరే బాపు" అన్నాడు దేవిదాస్.

"అన్న. లేదంటలేను."

లేదనడానికి వీల్లేదు మరి. ఆ హాలు ఒకప్పుడు తునికాకు గోదాము. వాన పడితే ఇప్పటికీ గోడలు ఆకు వాసన వేస్తాయి. దాన్ని పెండ్లి హాలుగా మార్చిన నాటి నుంచి వైశాఖం వచ్చిందంటే రాజారాంకు చుట్టాలతో తగువులే. 'మనోని పెండ్లి, జర ఆ పరాయోల్లను జరుపు' అని ఒకడు, 'నాకు లేదని వానికెట్ల ఇచ్చినవ్' అని ఇంకొకడు. అందుకే కొడుకు హైదరాబాదు నుంచి పాత కంప్యూటర్ తెస్తానంటే ఎగిరి గంతేశాడు. కోడలు నిజామాబాదులో ఆ చదువే చదివింది. వానాకాలమంతా కూర్చుని ప్రోగ్రాం రాసింది. ముందు వచ్చినవాడికి ముందు, ఒక తేదీకి ఒక పెండ్లి. ఇక ఎవరు వచ్చి చెయ్యి పట్టుకున్నా, 'నాదేమున్నది, కంప్యూటర్ల ఖాళీ లేదు' అని రాజారాం మర్యాదగా తప్పించుకునేవాడు. ఆ మాట ఆయనకు బెల్లం ముక్కలా ఉండేది.

ఇప్పుడు అదే బెల్లం గొంతుకు అడ్డం పడింది.

"ఆల్లకు పదిహేను అంటే ఏందో, ఈల్లకు పదహారు అంటే ఏందో అడగాలె గదా" అన్నాడు దేవిదాస్. మాట తండ్రితో అంటున్నా తగలాల్సింది భార్యకే. "ముహూర్తం ఎన్ని గంటలకని ప్రోగ్రాంల ఒక్క ప్రశ్న లేదు."

"లేదు. నాకు తోచలే" అంది గోదావరి.

"తోచలే."

"తోచలే అంటున్న గదా. అత్తమ్మకు పంచాంగం లెక్క పుట్టుకతోటి వచ్చింది. ఆమె నాకు చెప్పలే, నేను అడగలే. తెల్లారకముందు లగ్నమైతే ముందటి దినం కిందనే వస్తదని ఎవలన్న విడమరిచి చెప్తరా? అందరికి తెలిసిందే అనుకుంటరు. దినం పొద్దున ఆరింటికి మొదలైతదని ప్రోగ్రాంల ముందే పెట్టేది ఉండె."

ఆ మాటతో ముగ్గురి చూపులూ వంటింటి గడప వైపు వెళ్లాయి. శంకరమ్మ అక్కడ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోంది. కార్డులు రెండూ చూసినప్పటి నుంచి ఆమె పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, పల్లెత్తు మాట అనలేదు. నందిపేట బాలనర్సయ్య ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆ కార్డు మీద ఉన్న పెండ్లికూతురు ఆమె మేనకోడలు రేణుక.

రేణుకను దేవిదాస్‌కు చేసుకోవాలని ఆ పిల్ల ఉయ్యాలలో ఉన్ననాడే అనుకున్నారు. దేవిదాస్ కంప్యూటర్ క్లాసుల్లో గోదావరిని చూసి, ఈమెనే చేసుకుంటానని పట్టుబట్టాడు. బాలనర్సయ్య ఏమీ అనలేదు. కోప్పడ్డా బాగుండేది. అక్క గడప తొక్కడం మానేశాడు. మూడు రాఖీ పున్నాలు శంకరమ్మ కట్టవలసిన రాఖీ దేవుడి పటం దగ్గరే ఉండిపోయింది. మొన్న శివరాత్రి దాటాక ఆయనే వచ్చాడు. అరుగు మీద కూర్చుని, 'అక్కా, పిల్ల పెండ్లి నీ హాల్లనే చేస్త. నీ చేతులతోనే పసుపు కొట్టు' అన్నాడు. ఆ రోజు శంకరమ్మ ఏడ్చిన ఏడుపు గోదావరికి ఇంకా గుర్తుంది. ఆ తడి కండ్లతోనే వచ్చి, కోడలు నేర్పినట్టు ఒక్కో మీటా వెతుక్కుంటూ పదిహేను అని కొట్టింది.

అప్పటికి పక్షం ముందే మోస్రా అబ్బాయి వచ్చి పదహారు రాయించుకుని వెళ్లాడు. ముందు వచ్చింది అతనే. హాలు న్యాయంగా అతనిదే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పైకి అనేవాళ్లే లేరు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"నేను ఊర్లకు పోయి వస్త" అని దేవిదాస్ బండి తీశాడు. "ఎక్కడనో ఒక్క హాలు దొర్కకపోదు."

దొరకలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, గోళెంలో నీళ్లు తలమీద గుమ్మరించుకున్నాడు. బోధన్‌లో ఉన్న హాళ్లన్నీ అదే లగ్నానికి నిండాయి. నిజామాబాదుకు ఫోన్లు చేస్తే నవ్వారు. వర్నిలో బడి ఆవరణ ఇస్తామన్నారు గానీ టెంటు వేసేవాడు లేడు. ఈ వైశాఖంలో గట్టి లగ్నం అదొక్కటేనని పంతుళ్లంతా కట్టకట్టుకుని చెప్పారాయె.

"తారీకు జరుపుమంటే?" అన్నాడు రాజారాం.

"ఎట్ల జరుపుతరు? రేణుక పెద్దబిడ్డ, చేసుకునేటోడు పెద్దకొడుకు. వచ్చేది జ్యేష్ఠం, ఇద్దరు పెద్దోల్లకు చేయరాదు. అటెన్క ఆషాఢం. ఇగ శ్రావణమే."

"మోస్రా ఆల్లు?"

"ఆల్ల మగపెండ్లోల్లు భివండి నుంచి బస్సు మాట్లాడుకుని వస్తున్నరు. మగ్గాలకు సెలవు పెట్టుకుని వస్తున్నరంట. మల్ల మల్ల రారు."

"ఒక్క హాల్లనే రెండు చేద్దాం" అంది గోదావరి. "నడుమ పరదా కడ్దాం. తూర్పు దిక్కు ఒకల్లు, పడమర దిక్కు ఒకల్లు. పెద్ద హాలే గదా."

రాజారాం ఆమెను జాలిగా చూశాడు. తిట్టినా బాగుండునని ఆమెకు అనిపించింది.

"ఒక్క కప్పు కింద రెండు బాసింగాలా బిడ్డ? ఒక పెండ్లిపిల్లకు ఇంకో పెండ్లిపిల్ల ఎదురు పడితె ఏమన్న ఉన్నదా? రేపు ఎవలింట్ల చీమ కుట్టినా మనల్నే అంటరు. మా బామ్మర్ది అయితె అసలే ఇనడు."

వంటింటి గడప నుంచి చాటలో బియ్యం కదిలిన చప్పుడు మాత్రం వినబడుతోంది.

హాలు ముందున్న చిన్న గదిలో కంప్యూటర్ ఉంటుంది. గోదావరి వెళ్లి దాని ముందు కూర్చుంది. ఏం చేయాలని కాదు, ఆ ఇంట్లో ఆమెకు తన జాగా అనిపించేది అదొక్కటే. వెనుకే దేవిదాస్ వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ఒకటి అడుగుత. కోపం చేయకు."

"అడుగుండ్రి."

"ఇందాక నువ్వే అన్నవ్. దినం పొద్దున ఆరింటికి మొదలైతదని ప్రోగ్రాంల ముందే పెట్టేది ఉండె అని. పెట్టడానికి ఎంతసేపు?"

"ఎంతసేపు కాదు. ఒక్క వరుస."

"అయితె పెట్టు."

"పెడ్త. ఇగ ముందుకు ఎవలు వచ్చినా ఈ గోల ఉండది."

"ఇగ ముందుకు కాదు" అన్నాడు దేవిదాస్, గొంతు తగ్గించి. "ముందు నుంచే ఉన్నట్టు పెట్టు."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.  పదహారో తేదీ అంటే పదహారు పొద్దున ఆరింటి నుంచి. మోస్రా వాళ్ల లగ్నం అంతకు ముందే, మూడింటికి. అంటే హాలు వాళ్ల చేతికి వచ్చేసరికి లగ్నం దాటిపోయి ఉంటుంది. వాళ్లకు రాసిచ్చిన తేదీ అలాగే ఉంటుంది, ఒక్క అక్షరం మార్చనక్కర లేదు. ఆ రాత్రి మాత్రం బాలనర్సయ్యదవుతుంది.

ఎక్కడా చెయ్యి పెట్టకుండా గొంతు కోయడమంటే ఇదే.

"ఆల్లు ముందుగాల వచ్చిండ్రు" అంది.

"తెలుసు."

"చుట్టాలని చూడకుండ ఉండాల్నని గదా ఇది చేయించిండ్రు. మామ నోటితోనే చెప్పిండు నాకు."

"గోదావరీ, మా అవ్వ మొఖం చూసినవా నువ్వు?" అన్నాడు దేవిదాస్. "నిన్ను చేసుకున్నందుకు ఆమెకు తల్లిగారిల్లు లేకుండ పోయింది. మూడేండ్లు. నిన్ను ఒక్క మాట అన్నదా? అనలే. ఇప్పుడు మల్ల పోయి, నీ బిడ్డకు మా ఇంట్ల పెండ్లికొడుకు లేడు, ఆఖరుకు పందిరి గూడ లేదని మా మామకు చెప్పాల్నా? ఎవల వల్ల అంటె ఏం చెప్పాలె? మా గోదావరి వల్లనే అని చెప్పాల్నా, రెండుసార్లు?"

 అత్త ఎప్పుడైనా ఒక్క సూటిపోటి మాట అని ఉంటే ఈ రోజు ఎదురు నిలిచేది. ఆమె ఏనాడూ అనలేదు. కొత్తగా వచ్చిన రోజుల్లో తలకు నూనె పెట్టింది, కంప్యూటర్ ముందు కూర్చుంటే చాయ్ తెచ్చి పక్కన పెట్టింది, 'నాకు గూడ నేర్పు బిడ్డ, సచ్చేలోపల ఒక్కటన్న కొత్తది నేర్సుకుంట' అంది. మంచితనం ఒక్కోసారి అప్పుకన్నా బరువుగా కూర్చుంటుంది మనిషి నెత్తి మీద.

గోదావరి మీటల మీద చేతులు పెట్టింది. ఎక్కడ రాయాలో వెతుక్కోనక్కర లేదు. తాను రాసిందే, కండ్లు మూసుకున్నా దొరుకుతుంది. నిజానికి అది చాలా సరైన వరుస. వానాకాలంలోనే రాసి ఉండవలసిన వరుస. రాస్తుంటే మాత్రం దొంగతనానికి గోడ తవ్వుతున్నట్టు అనిపించింది. ప్రింటర్ గరగరమని కొత్త చిట్టీ కక్కింది. దాని కింద ఇంగ్లీషులో ఒక నిబంధన, ఎప్పటి నుంచో అక్కడే కాపురమున్నట్టు కూర్చుంది.

దేవిదాస్ దాన్ని ప్రింటర్ నుంచి చించి తీసుకుపోయాడు. థాంక్స్ అనలేదు. అని ఉంటే ఆమె ఆ కాగితం లాక్కునేదేమో.

మోస్రా వాళ్లను పిలవనక్కర లేకుండా వాళ్లే వచ్చారు. గాడిపొయ్యి ఎక్కడ తవ్వాలో, వంటవాళ్లకు నీళ్లు ఎటు నుంచో చూసుకుపోదామని తల్లీ కొడుకూ మధ్యాహ్నం బస్సు దిగారు. కొడుకు ఆత్మారాం పాతికేండ్లవాడు, మోస్రాలో చిన్న కిరాణా కొట్టు నడుపుతాడు. తండ్రి లేడు. చెల్లె పెండ్లికి తండ్రీ అన్నా అన్నీ అతనే. తల్లి పెంటవ్వ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టి పిల్లలిద్దరినీ పెంచింది. గేటు దగ్గరే చెప్పులు విడిచి, ఇంత పెద్ద జాగాలోకి రావచ్చో లేదో అన్నట్టు వేపచెట్టు నీడలో నిలబడింది.

"లోపటికి రమ్మను అవ్వను" అన్నాడు రాజారాం.

"ఉండని బాపు. హాలు సూస్తున్నది. ఇట్లాంటి దాంట్ల పెండ్లంటె ఆమెకు నమ్మబుద్ధి అయితలేదు" అని ఆత్మారాం నవ్వాడు.

ఆ నవ్వు చూసి రాజారాం తల దించుకున్నాడు. చెప్పే పని కొడుక్కే వదిలేశాడు. దేవిదాస్ చిట్టీ ముందు పెట్టి, వేలితో అడుగు వరుస చూపించి, మెల్లగా చెప్పుకొచ్చాడు. హాలు దినం పొద్దున ఆరింటికి మొదలవుతుందని, మీరు రాయించింది పదహారని, మీ లగ్నం దానికి ముందే వస్తుందని, ఆ రాత్రికి ఇంకొకరు ఉన్నారని. గోదావరి గది తలుపు పట్టుకుని నిలబడి ఉంది. 

అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండునని కోరుకుంది. ఎదుటివాడు తిడితే మన తప్పు సగం తీరినట్టే ఉంటుంది గదా.

ఆత్మారాం చిట్టీని రెండు చేతులతో పట్టుకుని, పెదవులు కదుపుతూ ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు. ఒకసారి చదివి మళ్లీ మొదటికి వచ్చాడు.

"ఇది కంప్యూటర్లనే ఉన్నదా అన్న?"

"ఉన్నది" అన్నాడు దేవిదాస్.

"ముందు నుంచి?"

"ముందు నుంచే."

"మరి కంప్యూటర్ తప్పు సెప్పది గదా" అన్నాడు ఆత్మారాం. అతని ముఖంలో కోపం ఎక్కడా లేదు. "మా పంతులు సెప్పిండు. పదిహేను రాత్రి అని రాయించుమన్నడు. నేనే సోయి లేక పదహారన్న. తెల్లారితె పదహారే గదా అనుకున్న. మాదే తప్పు."

"తప్పని కాదు గని..."

"లేదన్న, మాదే తప్పు. మీరేం జేస్తరు." లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక ఎటు పోవాలో తోచనట్టు హాలు వైపు చూశాడు. ఆ వెంటనే గోదావరి కనబడితే, ఆమెకు కూడా సంజాయిషీ చెప్పాలనుకున్నాడేమో, "అక్కా, నువ్వు ఆనాడు మంచిగనే అడిగినవ్, ఏ తారీకని. నేనే సెప్పరాక సెప్పిన" అన్నాడు.

గోదావరి పట్టుకున్న తలుపు వదిలేసింది.

అతను గేటు దాకా నడిచి తల్లికి ఏదో చెప్పాడు. దూరానికి మాటలు వినబడలేదు. పెంటవ్వ ముందు నవ్వింది, కొడుకు ఎగతాళి చేస్తున్నాడని. తరువాత అతని ముఖం చూసి నవ్వు ఆపింది. చెయ్యెత్తి అతని చెంప మీద కొట్టింది. అంత మీసాలున్న కొడుకు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఒక్క తారీకు సెప్పరాదుర నీకు" అంది పెంటవ్వ. ఇప్పుడు గొంతు హాలు దాకా వచ్చింది. "మీ అయ్య ఉంటె గిట్ల గాకపోవు. భివండోల్లకు ఏమని సెప్తవ్? సెల్లె మొఖం ఎట్ల సూస్తవ్ పో."

అని వేపచెట్టు మొదట్లో మట్టిలో కూలబడింది. ఆత్మారాం ఆమె పక్కన గొంతుక్కూర్చుని, లే అవ్వా, లే అవ్వా అంటున్నాడు. ఆమె లేవడం లేదు.

గోదావరి ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియదు. దేవిదాస్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి తప్పించుకుంది. ఎండలో వట్టి కాళ్లతో గేటు దాకా పోయింది.

"కొట్టకు అవ్వా. ఆయన తప్పు లేదు."

పెంటవ్వ తల ఎత్తి చూసింది.

"ఆ చిట్టీల ఉన్న మాట ముందు నుంచి లేదు" అంది గోదావరి.  "ఇయ్యాల పెట్టిన. మీరు వచ్చేదానికి జర ముందు నేనే రాసిన. మీరు అడిగింది మంచిగనే అడిగిండ్రు, నేనే సరిగ రాసుకోలే. ఇద్దర్ల ముందుగాల వచ్చింది మీరే. హాలు మీదే."

ఆత్మారాం మెల్లగా లేచి నిలబడ్డాడు. చేతిలో చిట్టీ ఇంకా ఉంది. ఇందాక రాని కోపం ఇప్పుడు అతని కండ్లలోకి వస్తోంది.

"అంటె నన్ను మా అవ్వ చేత కొట్టిచ్చిండ్రా?"

 గోదావరి అక్కడే నిలబడింది. వెనుక అరుగు మీద మామ కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు, లేదా కప్పుకుంటున్నాడు. దేవిదాస్ చూసిన ఆ చూపును ఆమె పెండ్లయినప్పటి నుంచి ఎన్నడూ ఎరగదు. పరాయి మనిషిని చూసినట్టు చూసి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

అప్పుడు వంటింటి గడప దగ్గర చాట కింద పెట్టిన చప్పుడయింది.

శంకరమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చింది. నెత్తిన కొంగు కప్పుకుని, కోడలి పక్క నుంచి కోడలిని చూడకుండానే దాటి, చెట్టు కింద పెంటవ్వ ముందు వంగింది.

"తాగు అక్కా. ఎండకు వచ్చినవ్."

పెంటవ్వ చెంబు అందుకోలేదు. శంకరమ్మ వంగినది వంగినట్టే ఉంది. చివరికి పెంటవ్వ అందుకుని రెండు గుక్కలు తాగింది. శంకరమ్మ నిటారుగా నిలబడి మొదటిసారి కోడలి వైపు తిరిగింది. కండ్లు ఎర్రగా ఉన్నాయి, తడి లేదు.

"నాకు ఎందుకు సెప్పలే బిడ్డ, గట్ల రాస్తున్నవని?"

"నీ కోసమే రాసిన అత్తమ్మా."

"నన్ను అడగకుండ నా కోసమా?"

గోదావరి తల దించుకుంది. ఇంటిల్లిపాదీ పొద్దున్నుంచి శంకరమ్మ మౌనం చుట్టూ తిరిగారు. ఆ మౌనంలో ఏముందని ఒక్కరూ అడగలేదు. తమ్ముడి వైపే ఉంటుందని అందరూ అనుకున్నారు, అంతే.

"నేను పొద్దటి సంది అదే సోచాయిస్తున్న" అంది శంకరమ్మ. "మా తమ్మునికి ఎట్ల సెప్పాల్నని. సెప్పాల్నా వద్దా అని కాదు. ఎట్ల అని." పెంటవ్వ చేతిలోంచి చెంబు తీసుకుంది. "ఇప్పటికి గూడ దొర్కలే నాకు."

ఇంకేదో అనబోతుండగానే రోడ్డు మీద జీపు ఆగింది. దుమ్ము గేటు దాకా వచ్చింది. ముందు సీటులో నుంచి తెల్ల ధోవతి, పసుపు ఆరబోసిన కల్లంలో తిరిగి వచ్చిన కాళ్లు. బాలనర్సయ్య. హాలు చూసుకోవడానికి సాయంత్రం వస్తానని కబురు పెట్టినవాడు తొందరపడి ముందే వచ్చాడు.

"అక్కా" అని రోడ్డు మీది నుంచే పిలిచాడు. మూడేండ్లు పిలవని పిలుపు ఒక్కసారే పిలుస్తున్నట్టు ఉంది ఆ గొంతు. "వద్దంటె ఇనకుండ ఇది గూడ బయలెల్లింది. సూడు."

జీపు వెనుక నుంచి రేణుక దిగింది. చీర చెంగు దులుపుకుని, ముందు మేనత్త కాళ్లు మొక్కింది. లేచి గోదావరిని చూసి ఒక్క గడియ తటపటాయించింది. తరువాత మనసులో ఏదో పక్కకు జరుపుకున్నట్టు ముందుకు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మంచిగున్నవా అక్కా?"

గోదావరి తల ఊపింది. రేణుక తండ్రితో చెప్పడానికి అప్పటికే ఏవో నాలుగు మాటలు కూడగట్టుకుంటోంది తను. ఈ పిల్ల వస్తుందని అనుకోలేదు. చెయ్యి విడిపించుకోలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు.

చెట్టు కింద మట్టిలో కూర్చున్న పెంటవ్వనీ, చిట్టీ పట్టుకుని నిలబడ్డ ఆత్మారాంనూ రేణుక వింతగా చూసింది. ఎవరో పనివాళ్లనుకుంది కాబోలు. ఆమె కండ్లు వాళ్లను దాటి తెరిచి ఉన్న హాలు తలుపుల మీదికి పోయాయి.

"హాలు పెద్దగనే ఉన్నది గదా అత్తా" అంది. సిగ్గు, సంతోషం కలిసి గొంతు చిన్నదయింది. "నన్ను ఏ దిక్కు కూసోబెడ్తరు?"

బాలనర్సయ్య నవ్వుతూ జీపు తలుపు వేస్తున్నాడు. ఆత్మారాం పిడికిట్లో కాగితం నలిగింది. శంకరమ్మ మేనకోడలి తల మీద చెయ్యి వేసి, నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి దువ్వింది. చాలాసేపు దువ్వుతూనే ఉంది.

"మీ అక్కనడుగు బిడ్డ" అంది, గోదావరి వైపు చూసి. "ఆమె సెప్తది."